ఏడాది పొడవునా కోసుకునే పూలతోట

జనవరి 26వ తేదీ ఉదయం. బడిలో జెండా ఎగరవేయడానికి అంతా సిద్ధమయింది. బల్ల మీద పూలకూజా ఉంది, పూలు లేవు. బజారుకు పరుగెత్తుతారా? ఆ పూలు మీ బడి ఆవరణలోనే పూసి ఉంటే ఎంత బాగుంటుంది! అయితే మొక్కకు మన పండుగ తేదీలు తెలియవు. దాని లెక్క దానిది. ఆ లెక్క మనకు తెలిస్తే మనకు కావలసిన రోజుకు పూలు పూయించుకోవచ్చు.

ఏ మొక్కలు వేయాలి?

బంతి మొక్క పూసి, విత్తనాలిచ్చి, కొద్ది నెలల్లోనే చనిపోతుంది. ఇటువంటివి ఏకవార్షికాలు. గులాబీ, చామంతి, నేల సంపెంగ అలా కాదు. ఒకసారి నాటితే కొన్నేళ్లపాటు పూస్తాయి. ఇవి బహువార్షికాలు. నేల సంపెంగ అంటే బజారులో 'లిల్లీ' అని అమ్మే తెల్లని పువ్వే. దాని పుట్టిల్లు మెక్సికో.

బహువార్షికాలతో లాభముంది, ప్రమాదమూ ఉంది. మంచి చోట నాటితే ఆ ఫలం ఏళ్ల తరబడి అందుతుంది. తప్పు చోట నాటితే ఆ తప్పు కూడా ఏళ్ల తరబడి వెంటాడుతుంది. అందుకే గునపం పట్టడానికి ముందు కాగితం, పెన్సిలు పట్టాలి.

కాగితం మీద తోట

ముందుగా ఎండ ఎక్కడ పడుతుందో చూడండి. ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 12కు, సాయంత్రం 4కు నీడ ఎంతవరకు వస్తున్నదో నేల మీద గీతలు గీయండి. రోజుకు కనీసం 6 గంటలు ఎండ తగిలే చోటు కావాలి.

అక్కడ తూర్పు పడమరలుగా మూడు మడులు గీయండి. ఒక్కొక్కటి 3 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు. వెడల్పు మీటరే ఎందుకు? రెండు వైపుల నుంచీ మడి మధ్యకు మీ చెయ్యి అందాలి. మడిలోకి దిగితే మట్టి గట్టిపడి వేళ్లకు గాలి ఆడదు.

గులాబీ ఎత్తుగా పెరుగుతుంది. దానిని ఉత్తరపు మడిలో వేయండి. నేల సంపెంగ మధ్యన, పొట్టి చామంతి దక్షిణాన. చలికాలంలో మన ప్రాంతంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, నీడలు ఉత్తరానికి పడతాయి. ఎత్తయిన మొక్క దక్షిణాన ఉంటే పొట్టిదాని ఎండను దోచుకుంటుంది.

చామంతిని, నేల సంపెంగను 30 సెంటీమీటర్ల ఎడంతో నాటితే మడికి మూడు వరుసల్లో 30 మొక్కలు పడతాయి. గులాబీకి 60 సెంటీమీటర్లు వదిలి ఒకే వరుసలో 5 మొక్కలు నాటండి. బాగా చివికిన పశువుల ఎరువు మట్టిలో కలపడం మరవకండి.

వీధి దీపం చేసే మోసం

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. ఒకే రోజున నాటిన చామంతులలో గోడవారగా, వీధి దీపం కింద ఉన్నవి మాత్రం పచ్చగా, ఏపుగా ఎదిగి మొగ్గ తొడగడం లేదు. ఎందుకు?

1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రజ్ఞులు ఒక రకం పొగాకు మొక్క మీద చేసిన ప్రయోగాలను ప్రకటించారు. ఆ మొక్క వేసవిలో పూయదు. రోజూ కొన్ని గంటలు దానిని చీకటి గదిలో ఉంచి పగటిని కుదిస్తే పూసింది! పగలు, రాత్రి నిడివిని బట్టి మొక్క పూతకాలాన్ని నిర్ణయించుకుంటుందని తేలింది.

చామంతిదీ అదే తీరు. మన ప్రాంతంలో జూన్‌లో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో సుమారు 11 గంటలు. రాత్రులు పెరిగే కొద్దీ చామంతి మొగ్గ తొడుగుతుంది. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే పదార్థం వెలుతురును పసిగడుతుంది. రాత్రంతా దీపం వెలిగితే ఇంకా పొద్దు కుంకలేదన్నట్టే మొక్క ప్రవర్తిస్తుంది. కనుక మీ మడి దీపాలకు దూరంగా ఉండాలి. పూలు ఆలస్యంగా కావాలనుకునే పెంపకందారులు కావాలనే రాత్రిపూట చామంతులకు దీపాలు పెడతారు.

తేదీ లెక్క

జూన్, జూలైలలో చామంతి పిలకలను నాటండి. నెల రోజులకు కొనలు గిల్లండి. కొన చిగురులో తయారయ్యే ఆక్సిన్ పక్క మొగ్గలను ఎదగనివ్వదు. కొన పోతే పక్క కొమ్మలు వస్తాయి, పూలు పెరుగుతాయి. నవంబరు నుంచి జనవరి వరకు పూత ఉంటుంది. పూత అయ్యాక కాడలను నేలకు దగ్గరగా కోసేస్తే కింద నుంచి కొత్త పిలకలు వస్తాయి.

నేల సంపెంగ దుంపలు జూన్‌లో నాటితే మూడు నాలుగు నెలల్లో పూకాడలు వస్తాయి. ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు. దాని పక్కన పుట్టిన పిల్లదుంపలు పూస్తాయి. మూడేళ్లకొకసారి తవ్వి, విడదీసి నాటుకోవాలి.

గులాబీ కొమ్మలు కత్తిరించిన సుమారు 45 నుంచి 50 రోజులకు పూస్తుంది. జనవరి 26 నుంచి వెనక్కు లెక్కపెట్టండి. కత్తెర ఎప్పుడు పట్టాలి? అవును, డిసెంబరు రెండో వారంలో! ఒక మొక్కను వారం ముందు, మరొకదానిని వారం తరువాత కత్తిరిస్తే పూలు విడతలుగా వస్తాయి.

కోసిన తరువాత

ఉదయం చల్లని వేళ కోయండి. నేల సంపెంగను అడుగు పూలు రెండు మూడు విచ్చగానే, గులాబీని పై రేకులు విడివడుతుండగా, చామంతిని దాదాపు పూర్తిగా విచ్చాక కోయాలి.

కోసిన కాడ ఇంకా నీరు తాగుతూనే ఉంటుంది. దానిలోని సన్నని దారునాళాల్లో గాలిబుడగ చేరినా, బాక్టీరియా పెరిగి అడ్డుపడినా నీరు పైకెక్కదు, పువ్వు వాడిపోతుంది. అందుకే కాడ కొనను నీటిలో ముంచి ఉంచి, ఏటవాలుగా మరోసారి కోయాలి. నీటిలో మునిగే ఆకులు తీసేసి, రోజూ నీరు మార్చాలి. పండ్లు మగ్గేటప్పుడు వెలువడే ఎథిలీన్ వాయువు పూలను త్వరగా ముసలివి చేస్తుంది. అరటిపండ్ల పక్కన కూజా పెట్టకండి.

ఒక తెల్లని నేల సంపెంగ కాడను సిరా కలిపిన నీటిలో నిలబెట్టి చూడండి. నీరు ఎక్కడిదాకా ఎక్కిందో రేకులే చెబుతాయి.

ఒక నోటు పుస్తకం పెట్టి నాటిన రోజు, గిల్లిన రోజు, మొదటి పువ్వు విచ్చిన రోజు రాయండి. మీ మట్టికి, మీ ఊరి ఎండకు సరిపోయే లెక్క అందులోనే దొరుకుతుంది. మీ తరువాతి తరగతి పిల్లలకు తోటతోపాటు ఆ పుస్తకం కూడా అప్పగించండి.