క్లబ్బును సంఘం కొంటే

కార్డిఫ్ అనే ఊరుంది. వేల్స్ దేశానికి అది రాజధాని. ఆ ఊళ్లో ఒక రగ్బీ క్లబ్బు ఉంది. 1876లో పుట్టింది. అంటే నూట యాభై ఏళ్ల నాటి క్లబ్బు.

2025 ఏప్రిల్‌లో ఆ క్లబ్బు దగ్గర డబ్బు అయిపోయింది. ఆటగాళ్లకు జీతాలివ్వాలి. అప్పులు తీర్చాలి. పెట్టుబడి పెట్టేవాళ్ల దగ్గర్నుంచి రావలసిన సొమ్ము రాలేదు. చివరికి క్లబ్బును అడ్మినిస్ట్రేషన్‌లో పెట్టారు. అడ్మినిస్ట్రేషన్ అంటే ఏమిటి? అప్పులవాళ్లు ఒక్కసారిగా మీద పడకుండా, లెక్కలు తెలిసిన ఒక అధికారి చేతికి కంపెనీని అప్పగించడం. మన మాటల్లో చెప్పాలంటే దివాలా గుమ్మం దాకా పోవడమే.

వెంటనే వేల్స్ రగ్బీ యూనియన్ ముందుకొచ్చింది. క్లబ్బును తానే కొనేసింది. జీతాలు ఆగలేదు. ఆట ఆగలేదు. కార్డిఫ్ జనం ఊపిరి పీల్చుకున్నారు.

గండం గడిచింది గదా అనుకుంటాం. కానీ నెల తిరిగేసరికి కొత్త పేచీ మొదలైంది. అదే దేశంలో ఇంకో రెండు క్లబ్బులున్నాయి. ఒకటి స్కార్లెట్స్, రెండోది ఆస్ప్రీస్. యూనియన్ ఇచ్చిన కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టం అని ఆ రెండూ కూచున్నాయి. కార్డిఫ్‌ను బతికించినందుకు వీళ్లకేం కష్టం? అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆ దేశం, ఆ ఆట

వేల్స్ చిన్న దేశం. ఇంగ్లండుకు పడమటి పక్కన ఉంటుంది. జనాభా సుమారు 31 లక్షలు. కొండలు, లోయలు ఎక్కువ. ఒకప్పుడు ఆ లోయల నిండా బొగ్గు గనులే. సముద్రం ఒడ్డున ఉక్కు ఫ్యాక్టరీలు. గనిలో దిగే కూలీలు, ఉక్కు కరిగించే కార్మికులు సెలవు పూట ఆడుకున్న ఆట రగ్బీ. అందుకే అక్కడ ఊరూరా క్లబ్బు పుట్టింది.

రగ్బీలో జట్టుకు పదిహేను మంది. బంతి గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చేత పట్టుకుని పరుగెత్తవచ్చు. కాలితో తన్నవచ్చు. చేత్తో మాత్రం ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో విసరాలి. బంతి ఉన్నవాణ్ని అవతలివాళ్లు పట్టి పడేస్తారు. కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ని పట్టినట్టే అనుకోండి. దెబ్బలు గట్టిగానే తగులుతాయి.

ఇక యూనియన్. ఆ మాట వినగానే మనకు కార్మికుల సంఘం గుర్తొస్తుంది. ఇది అది కాదు. ఇది క్లబ్బుల సంఘం. 1881లో నీత్ అనే ఊళ్లో పెట్టారు. ఇప్పుడు అందులో సుమారు 300 క్లబ్బులు సభ్యులు. చాలావరకు చిన్న ఊళ్ల క్లబ్బులే. ఊళ్లో పాల సంఘాలుంటాయి, వాటన్నిటికీ పైన జిల్లా యూనియన్ ఉంటుంది చూడండి, దాదాపు అలాంటిదే. పెద్దవిషయాలు సభ్యులు ఓటు వేసి తేల్చాలి.

డబ్బెలా తిరుగుతుంది?

వేల్స్ దేశం జట్టును నడిపేది యూనియనే. కార్డిఫ్ నడిబొడ్డున 1999లో కట్టిన పెద్ద స్టేడియం యూనియన్‌ది. అందులో 74 వేల మంది కూచోవచ్చు. వేల్స్‌కూ ఇంగ్లండుకూ ఆట జరిగితే కుర్చీ ఖాళీ ఉండదు. టిక్కెట్ల డబ్బు, టీవీవాళ్లిచ్చే డబ్బు, ప్రకటనల డబ్బు అన్నీ యూనియన్‌కే చేరతాయి.

మరి దేశం తరఫున ఆడేవాళ్లు ఎక్కణ్నుంచి వస్తారు? క్లబ్బుల నుంచి. ఏడాది పొడుగునా వాళ్లకు శిక్షణ ఇచ్చేది, జీతమిచ్చేది క్లబ్బు. కాబట్టి యూనియన్ తన రాబడిలో కొంత క్లబ్బులకు పంచుతుంది. ఎంత పంచాలి అన్నదే ఎప్పుడూ తగాదా. పెద్ద క్లబ్బులు చాలదంటాయి. ఊళ్లో చిన్న క్లబ్బులు మాత్రం, డబ్బంతా పెద్దవాళ్లే మింగేస్తున్నారని గొణుగుతాయి. రెండువైపులా కొంత నిజముంది.

ఈ తగాదా పాతకాలంలో లేదు. 1995 ఆగస్టు దాకా యూనియన్ రగ్బీలో ఆటకు జీతం తీసుకోవడమే తప్పు. గని పని చేసుకునేవాడు గని పని చేసుకుంటూ, బడిపంతులు పాఠాలు చెప్పుకుంటూ ఆడేవాళ్లు. ఆ నెలలో ప్రపంచ రగ్బీ పెద్దలు ఆ నియమం ఎత్తేశారు. ఆట ఉద్యోగం అయింది. బొగ్గు గనులు అప్పటికే చాలావరకు మూతపడ్డాయి. లోయల్లో జనం దగ్గర డబ్బు లేదు. క్లబ్బులకేమో జీతాల ఖర్చు నెత్తిన పడింది. డబ్బున్న ఆసాములు ఎవరో ఒకరు జేబులోంచి తీసి నష్టం పూడిస్తూ వచ్చారు. ఆసామి విసిగిపోయినా, కన్నుమూసినా క్లబ్బు గతి ఏమిటి? ఆ ప్రశ్న అప్పణ్నుంచీ ఉంది.

కొని మూసేసిన జట్టు

2003లో యూనియన్ ఒక పెద్ద మార్పు చేసింది. ఇన్ని ఊళ్ల జట్లకు జీతాలివ్వలేం, ప్రాంతానికొక జట్టు చాలు అంది. తొమ్మిది పెద్ద క్లబ్బులకు బదులు ఐదు జట్లు వచ్చాయి. పాంటీప్రిడ్, బ్రిడ్జెండ్ అనే రెండు ఊళ్లను కలిపి కెల్టిక్ వారియర్స్ అని పేరు పెట్టారు. రెండు ఊళ్లకూ పాత పగ. అయినా కలవక తప్పలేదు.

ఆటలో వాళ్లు తక్కువ వాళ్లేమీ కాదు. 2004 జనవరిలో ఇంగ్లండు వెళ్లి, వాస్ప్స్ అనే జట్టును దాని సొంత మైదానంలోనే ఓడించారు. ఆ వాస్ప్స్ అదే ఏడు యూరప్ మొత్తానికి విజేత అయింది. అలాంటి జట్టును ఓడించినవాళ్లన్నమాట.

కానీ లెక్కల పుస్తకం బాగా లేదు. 2004 వేసవిలో యూనియన్ ఆ జట్టును తన చేతికి తీసుకుంది. తీసుకుని మూసేసింది. ఐదుగురికి పంచితే ఎవరికీ చాలడం లేదు, నలుగురైతే గట్టిగా నిలబడతారు, అన్నది యూనియన్ వాదన. ఆటగాళ్లను మిగతా జట్లు పంచుకున్నాయి. జట్టు బతికింది ఒక్క ఏడాదే. పైలోయల జనానికి తమది అనుకునే పెద్ద జట్టు లేకుండా పోయింది. పక్క ఊరి జట్టును మీదే అనుకోండి అంటే మనసొప్పుతుందా? చాలామంది మైదానానికి వెళ్లడమే మానుకున్నారు. కాగితం మీద ఆ లెక్క కుదిరింది గానీ, పోయిన ప్రేక్షకుణ్ని ఏ ఖాతాలో రాస్తారు?

కొని నిలబెట్టిన జట్టు

రెండో సంగతి న్యూపోర్ట్ ఊరిది. అస్క్ నది ఒడ్డున రాడ్నీ పరేడ్ అనే మైదానం ఉంది. 1877 నుంచి అక్కడ రగ్బీ ఆడుతున్నారు. 1963లో న్యూజిలాండ్ జట్టు బ్రిటన్ వచ్చి, ఆ పర్యటన మొత్తంలో ఒకే ఒక్క ఆట ఓడిపోయింది. ఓడింది ఈ మైదానంలోనే, న్యూపోర్ట్ చేతిలోనే. ఆ ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

2017 నాటికి అక్కడి డ్రాగన్స్ జట్టు నష్టాల్లో కూరుకుపోయింది. జట్టునూ, మైదానాన్నీ కలిపి కొంటానంది యూనియన్. మైదానం ఊరి క్లబ్బు వాటాదారులది. నాలుగింట మూడువంతుల మంది ఒప్పుకుంటే గానీ అమ్మడానికి వీల్లేదు. తాతల నాటి నేలను అమ్మడమా అని కొందరు బాధపడ్డారు. అమ్మకపోతే జట్టే ఉండదు అన్నారు ఇంకొందరు. 2017 మే నెలలో ఓటు జరిగింది. అమ్మకానికి కావలసినన్ని ఓట్లు పడ్డాయి.

ఆరేళ్లు యూనియన్ నడిపింది. 2023లో జట్టును మళ్లీ ప్రైవేటు యజమానులకు అప్పగించింది. డ్రాగన్స్ పెద్దగా గెలిచిందని చెప్పలేం. కానీ ఉంది. శనివారం ఊళ్లో ఆట ఉంది.

కొనకపోతే ఏమవుతుందో ఇంగ్లండులో కనబడింది. అక్కడ క్లబ్బులు ప్రైవేటు యజమానులవి. 2022లో వూస్టర్, వాస్ప్స్, 2023లో లండన్ ఐరిష్ వరసగా కూలాయి. అక్కడి యూనియన్ వాటిని కొనలేదు. వాస్ప్స్‌లో ఒక్కరోజే 167 మంది ఉద్యోగాలు పోయాయి. పైన చెప్పిన వాస్ప్స్ ఇదే. యూరప్ గెలిచిన జట్టుకు కూడా ఆ గతి పట్టింది. స్కాట్లండు దారి వేరు. ఎడిన్‌బరో, గ్లాస్గో రెండు జట్లనూ యూనియనే నడుపుతూ వచ్చింది. 2006లో ఎడిన్‌బరోను ప్రైవేటుకిచ్చి, గొడవలై, మరుసటేడు వెనక్కి తీసుకుంది. అయితే అదే 2007లో బోర్డర్స్ అనే మూడో జట్టును మూసేసిందీ అదే యూనియన్.

వడ్డించేవాడు మనవాడైతే

ఇప్పుడు మళ్లీ కార్డిఫ్‌కు వద్దాం. ఈ మధ్యలో కరోనా వచ్చింది. 2020లో మైదానాలు మూతపడ్డాయి. టిక్కెట్ల డబ్బు నిలిచిపోయింది. యూనియన్ 2 కోట్ల పౌండ్ల అప్పు తెచ్చి నాలుగు జట్లకూ పంచింది. బతికాయి గానీ బాకీ మిగిలింది. 2023 ఫిబ్రవరికి ఇంకో చిక్కు. కొత్త ఒప్పందం ఎంతకీ తెగలేదు. వేసవితో గడువు తీరే ఆటగాళ్లకు తరువాత పని ఉందో లేదో తెలియదు. ఇంటి అద్దె కట్టాలి, పిల్లల్ని సాకాలి. వేల్స్ ఆటగాళ్లు సమ్మె చేస్తామన్నారు. ఇంగ్లండుతో ఆటకు మూడు రోజుల ముందు గానీ ఆ గొడవ చల్లారలేదు. ఆ ఏడు అక్టోబరు నుంచి 2025 జూలై దాకా వేల్స్ వరసగా 18 దేశాల ఆటలు ఓడిపోయింది. జీతం సంగతి తేలని ఇంట్లో ఆట ఎంత బాగుంటుంది?

ఇలాంటి పరిస్థితిలో కార్డిఫ్‌ను యూనియన్ కొంది. స్కార్లెట్స్, ఆస్ప్రీస్‌ల అనుమానం ఇప్పుడు అర్థమవుతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూచున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడి సొంత కొడుకే బంతిలో కూచున్నాడు. నాలుగు జట్లకు డబ్బు పంచేది యూనియన్. నియమాలు రాసేది యూనియన్. ఆ నాలుగింటిలో ఒకదానికి యజమాని కూడా ఇప్పుడు యూనియనే. కార్డిఫ్‌కు ఎంత పెట్టారో, ఎంత అప్పు మీద వేసుకున్నారో చూపించండి, మాకు అన్యాయం జరగదని హామీ ఇవ్వండి అని ఆ రెండూ పట్టుబట్టాయి. మే నెలలో గడువు దాటింది. కార్డిఫ్, డ్రాగన్స్ సంతకం పెట్టాయి. ఆ రెండూ పెట్టలేదు. యూనియన్ పాత ఒప్పందం రద్దు చేస్తున్నట్టు రెండేళ్ల నోటీసు ఇచ్చింది.

అడిగింది తప్పు కాదు. అలాగని కార్డిఫ్‌ను వదిలేయమనడమూ కుదరదు. దేశ రాజధానిలో జట్టు లేకపోతే దేశం జట్టుకు ఆటగాళ్లు తగ్గిపోతారు. ఆటగాళ్లు తగ్గితే పెద్ద స్టేడియం నిండదు. స్టేడియం నిండకపోతే మిగతా క్లబ్బులకిచ్చే డబ్బూ ఉండదు. ఒక దారం లాగితే మొత్తం అల్లిక కదిలినట్టు.

2025 ఆగస్టులో యూనియన్ మరో మాట బయటపెట్టింది. నాలుగు జట్లు మోయలేం, రెండైతే మంచిదని చూస్తున్నాం అంది. ఊళ్లన్నీ భగ్గుమన్నాయి. అక్టోబరులో రెండు కాదు, మూడు అని ప్రకటించింది. కార్డిఫ్‌లో ఒకటి, తూర్పున ఒకటి, పడమట ఒకటి. స్కార్లెట్స్, ఆస్ప్రీస్ రెండూ పడమటి జట్లే. కార్డిఫ్ యూనియన్ చేతిలోనే ఉంది. ఎవరి మీద వేటు పడుతుందో విడమరచి చెప్పక్కర్లేదు. సంతకం పెట్టనివాళ్లే వేటు కింద నిలబడ్డారు. కావాలని చేశారా, లెక్క అలా వచ్చిందా అన్నది ఎవరికి వారు వాదించుకున్నారు. కార్డిఫ్‌ను తన దగ్గరే ఉంచుకోననీ, కొత్త యజమానికి అమ్ముతాననీ యూనియన్ చెప్పింది.

కార్డిఫ్‌లో ఇంకో చిత్రం ఉంది. యూనియన్ పెద్ద స్టేడియం, క్లబ్బు ఆడే ఆర్మ్స్ పార్క్ పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని వీపు ఒకదానికి ఆనుకుని ఉంటుంది. 1990ల్లో పెద్ద స్టేడియం కట్టేటప్పుడు ఉత్తరపు వైపు మెట్లు పూర్తిగా లేపాలంటే క్లబ్బు స్థలంలోకి కొంత జరగాలి. బేరం కుదరలేదు. అందుకే ఆ పక్కన స్టేడియం ఇప్పటికీ పొట్టిగా, చెక్కేసినట్టు ఉంటుంది. 2025లో యూనియన్ క్లబ్బును కొంది గానీ, ఆర్మ్స్ పార్క్ నేల కొనలేదు. ఆ నేల కార్డిఫ్ అథ్లెటిక్ క్లబ్బు అనే వేరే సంస్థది. తన జట్టును ఆడించడానికి యూనియన్ పక్కింటివాళ్ల నేలమీదికే వెళ్లాల్సి వచ్చింది.