టమాటా పెట్టెలో చిన్న గది

మన సంఘంలో కె.జి.ఎఫ్. నుంచి వచ్చిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. గనిలో దీపం ఆరిపోతే మనిషికి మిగిలేవి చెవులూ చేతులేనని వారికి నేను చెప్పనక్కరలేదు. మా నాన్నగారు ఛాంపియన్ రీఫ్‌లో పనిచేశారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన గని అది. పైకప్పు రాతిని ఇనుప కడ్డీతో తట్టి, గుల్లగా మోగితే ఆ కిందికి ఎవరినీ పోనిచ్చేవారు కారట. ఇంటికి కొత్త కుండ తెచ్చినా సరే, వేలితో తట్టి వినందే ఊరుకునేవారు కాదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నాన్నగారి ఆ అలవాటు నాకు మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం మా మేనకోడలి కూతురు.

వాళ్ళు రాబర్ట్‌సన్‌పేటలో ఉంటారు. పాపకు ఏడేళ్ళు. సెరిబ్రల్ పాల్సీతో పాటు చూపు బాగా తక్కువ, వినికిడి అంతంతమాత్రం. తండ్రి తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పనికి పోతే, ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. పగలంతా తల్లీ, అమ్మమ్మా. పుట్టినరోజుకని నేనూ అందరిలాగే బ్యాటరీ బొమ్మ కొనుక్కెళ్ళాను. అది గట్టిగా పాడుతూ దీపాలు వెలిగించేసరికి పాప ఒళ్ళంతా బిగుసుకుపోయింది. ఆ బొమ్మ ఇప్పటికీ బీరువా మీదే ఉంది. అలాంటి మిణుకు దీపాలు కొందరు పిల్లలకు మూర్ఛ కూడా తెప్పిస్తాయని తరువాత తెలుసుకున్నాను.

మరుసటిసారి తెలివిగా చేశాననుకుని పళ్ళెంలో చెంచా, తాళంచెవులు, కొబ్బరిపీచు పెట్టి పాప చెయ్యి పట్టుకుని ఒక్కొక్కటీ తాకించాను. రెండు నిమిషాల్లో పళ్ళెం తలకిందులైంది. పాప ఏడుపు. అప్పుడు అమ్మమ్మ, అంటే మా అక్క, అన్న మాట: "నువ్వు చెయ్యి పట్టుకోవద్దు నాయనా, దాన్నే వెతుక్కోనీ."

మా అక్క పుస్తకాలు చదివి అన్నది కాదు గానీ, డెన్మార్కులో లిల్లీ నీల్సన్ అనే ఆవిడ (1926-2013) జీవితమంతా చెప్పింది సరిగ్గా ఇదే. ఆమె తోబుట్టువుల్లోనే చూపులేనివారు ఉండేవారు. చూపులేని బిడ్డ చేతిలోంచి జారిన వస్తువు ఆ బిడ్డకు లోకంలోంచే మాయమైనట్టు. మనం వెతికి చేతిలో పెడితే, అది ఎక్కడినుంచో ఊడిపడిందే తప్ప తాను సంపాదించింది కాదు. అందుకని ఆవిడ "లిటిల్ రూమ్" అనే చిన్న గది తయారు చేశారు. మూడు పక్కలా గోడలు, పైన కప్పు, కప్పుకు వేలాడే వస్తువులు. బిడ్డ లోపల పడుకుని చెయ్యి కదిపితే ఏదో ఒకటి తగులుతుంది, మోగుతుంది. నిన్న ఉన్నచోటే నేడూ ఉంటుంది. ఆ "ఉన్నచోటే" అన్న దాంట్లోనే కిటుకంతా ఉంది.

కోలారులో అట్టపెట్టెకు వెతుక్కోవాలేమో గానీ టమాటా పెట్టెకు వెతుక్కోనక్కరలేదు. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో మనదీ ఒకటి! పెద్ద ప్లాస్టిక్ క్రేటును శుభ్రంగా కడిగి, పక్కకు పడుకోబెట్టి, గోడకు ఆనించి తాడుతో బిగించాం. దాని చిల్లులు ఎలాస్టిక్ కట్టడానికే పుట్టినట్టున్నాయి. పాప చేతులు, భుజాల దాకా లోపలికి వస్తాయి, ముఖం బయటే. స్టీలు చెంచాలు రెండు పక్కపక్కన, పాత తాళంచెవుల గుత్తి, పాదాలు రుద్దుకునే రాయి, కొబ్బరిపీచు ఉండ, పురుగు తీసేసిన పట్టుగూళ్ళ దండ కట్టాం. పురుగు ఎండిన గూడు గిలకలా భలే మోగుతుంది గానీ ఆ వాసన భరించలేం. పాప కాస్త చూడగలిగే ఎరుపు రంగు రిబ్బను ఒకటి, వెనక నల్లగుడ్డ. చన్నపట్టణ లక్కబొమ్మ కూడా ఒకటి పెట్టాం. మన ఏటికొప్పాకలో వాడే అంకుడు కర్రే అక్కడా వాడతారు. నునుపు చేతికి ఇట్టే తెలుస్తుంది.

పాప కింద పరచడానికి నీల్సన్‌గారిదే మరో ఉపాయం, రెజొనెన్స్ బోర్డు. సుమారు 4 మిల్లీమీటర్ల పలుచని ప్లైవుడ్ పలకకు అడుగున అంచుల వెంట సన్న బద్దలు కొట్టించాలి. నేలకూ పలకకూ మధ్య గాలి ఉంటుంది కనుక మడమ తగిలినా చప్పుడు వెన్నులోకి వస్తుంది. వినికిడి తక్కువైనా ఒంటికి తెలుస్తుంది. వడ్రంగికి ఒక పూట పని.

చేయబోయే తల్లులకు కొన్ని జాగ్రత్తలు. ఎలాస్టిక్ జానెడు మించకూడదు, మెడకు చుట్టుకుంటుంది. బిడ్డను ఒంటరిగా వదలకూడదు. చింతగింజలు, గోళీల వంటివి నోట్లో పెట్టుకునే బిడ్డకు విడిగా ఇవ్వద్దు. గురివింద గింజ చూడ్డానికి ఎంత ముద్దొచ్చినా ఇంట్లోకే రానివ్వకండి, కొరికితే ప్రాణాంతక విషం. మన ఊరివాళ్ళకు మరీ ముఖ్యంగా చెప్పాల్సిన మాట: సైనైడ్ దిబ్బల మీది పొడి మైదాపిండిలా మెత్తగా ఉంటుందని ఆటకు తేవద్దు. అది బంగారం తీయగా మిగిలిన వ్యర్థం. చిన్నప్పుడు మేం ఆ దిబ్బల మీద జారాం, నిజమే. అది గొప్ప కాదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం బహుళ వైకల్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు ఇచ్చింది. బడికి రాలేని బిడ్డకు ఇంటివద్దే చదువు చెప్పే ఏర్పాటు ఉంది. అడిగి సాధించుకోవాలి. ఏ వస్తువు ఎక్కడ కట్టాలో ఫిజియోథెరపిస్టును అడగడమూ మంచిదే.

ఇక మా పెట్టె సంగతి. మొదటి వారం పాప అసలు కదల్లేదు. మేనకోడలి చెయ్యి సాయానికి ముందుకు పోవడం, అక్క కసురుకోవడం. రెండోవారం ఓ మధ్యాహ్నం చెంచాలు ఒకదానికొకటి తగిలి మోగాయి. పాప నిశ్శబ్దంగా ఉండిపోయింది. చాలాసేపటికి మళ్ళీ మోగాయి. ఆ పూట అన్నం పొయ్యిమీద మాడింది.

మొన్న నేను వెళ్ళినప్పుడు ఇంకో విశేషం చూపించారు. పాదాలు రుద్దే రాయి తగిలినప్పుడల్లా పాప ముఖం చిట్లించి మణికట్టుతో తోసేస్తోంది. పొరపాటున కాదు, మూడుసార్లు చూశాను. ఏడేళ్ళలో ఆ బిడ్డ "వద్దు" అని చెప్పగా మేం చూడటం అదే మొదలు. రాయి విప్పేసి, దాని చోట తడిపి పిండిన బీరపీచు కట్టి వచ్చాను. దాన్నేమంటుందో అక్క ఫోన్ చేస్తానంది.