పురాణాన్ని కళ్ళకు కట్టిన చిత్రాలు

నాట్యానికి పంచమవేదమని పేరు. అన్ని వర్ణాల వారికీ అందే వేదం కావాలని దేవతలు ప్రార్థించగా బ్రహ్మదేవుడు ఋగ్వేదం నుంచి పాఠ్యాన్ని, సామవేదం నుంచి గానాన్ని, యజుర్వేదం నుంచి అభినయాన్ని, అథర్వవేదం నుంచి రసాలను గ్రహించి నాట్యాన్ని సృష్టించాడని భరతముని నాట్యశాస్త్రం చెబుతోంది. చలనచిత్రం ఆ నాట్యానికి ఈ కాలపు రూపమే కదా! తెలుగు చిత్రం మాట నేర్చినది కూడా 1932లో ‘భక్త ప్రహ్లాద’తోనే. హరినామంతోనే దానికి అక్షరాభ్యాసం జరిగింది.

అర్చన ముగిశాక తీర్థం తీసుకుంటూ యువకులు కొందరు నన్ను అడుగుతుంటారు: "అయ్యవారూ, మీరు సినిమాలు చూస్తారా? మీకు నచ్చిన సినిమా ఏది?" చూస్తానంటే ఆశ్చర్యపోతారు. ఒకటి అడిగితే అయిదు చెబుతాను. వాటిని ఎన్నుకోవడానికి నాకున్న కొలత ఒక్కటే. చిత్రం చూసి ఇంటికి వచ్చాక మూలగ్రంథం తెరవాలనిపించిందా, లేదా?

నాగలి పట్టిన కవి

మొదటిది ‘భక్త పోతన’. 1940ల తొలినాళ్ళలో వాహినీ సంస్థ నిర్మించిన ఈ చిత్రంతోనే కె.వి.రెడ్డి దర్శకులయ్యారు. పోతనగా చిత్తూరు నాగయ్య నటించారు. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వక శ్రీరామునికే సమర్పించి, సేద్యంతో పొట్టపోసుకున్న మహనీయుని కథ ఇది. నాగయ్య ముఖంలోని శాంతం చూసినప్పుడు భాగవతం వ్రాసిన చేయి ఇలాగే ఉండి ఉంటుందనిపిస్తుంది. ఆ తరువాత ‘త్యాగయ్య’ (1946), ‘యోగి వేమన’ (1947) పాత్రలలోనూ ఆయన మన ఇళ్ళలోకి నడిచివచ్చారు. దైవానికి అర్పించవలసినదాన్ని ధనానికి అమ్ముకోరాదన్న పాఠం అర్చకవృత్తిలో ఉన్నవాడికి నిత్యం అవసరమే. అందుకే నా వరుసలో ఇది ముందు నిలిచింది.

ప్రియదర్శిని

రెండవది ‘మాయాబజార్’ (1957). అభిమన్యుని భార్యగా వ్యాసభారతం చెప్పేది విరాటరాజపుత్రి ఉత్తరను. శశిరేఖాపరిణయం జానపదుల నోట పెరిగిన కథ. పాండవుల బంధుకోటి కథే అయినా పాండవులు ఒక్కసారైనా తెరపై కనబడరు! ఇంతటి కల్పనను పండితులు సైతం ఎందుకు ఆదరించారు? పాత్రల స్వభావాలు చెడలేదు కనుక. కృష్ణుడు కృష్ణుడుగానే, శకుని శకునిగానే ఉన్నారు. ఎస్.వి.రంగారావు ధరించిన ఘటోత్కచుడిలో రాక్షసబలమూ ఉంది, పెద్దలపట్ల వినయమూ ఉంది.

ఆ చిత్రంలో ప్రియదర్శిని అనే పెట్టె ఒకటుంది. తెరచి చూసినవారికి తమకు అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. కృష్ణునికి శకుని కనిపిస్తాడు! ప్రేక్షకులు నవ్వుతారు. నాకు మాత్రం ప్రతిసారీ గుండె ఝల్లుమంటుంది. మన పూజామందిరమూ ఒక ప్రియదర్శినియే. దాని ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నప్పుడు స్వామి కనిపిస్తున్నాడా, తీరని బాకీ కనిపిస్తున్నాడా, నిన్న మాట తూలిన బంధువు కనిపిస్తున్నాడా? ఎవరికి వారే చూసుకోవాలి.

జమ్మిచెట్టు మీది గాండీవం

మూడవది ‘నర్తనశాల’ (1963). కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రం విరాటపర్వ కథను చాలావరకు అనుసరించి నడిచింది. కీచకుడిగా నటించిన రంగారావుకు 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమనటుడిగా బహుమతి లభించింది. వానలు కురవాలని మన పల్లెలలో పారాయణ చేయించేదీ విరాటపర్వమే. విజయదశమినాడు మనం ప్రదక్షిణ చేసేదీ ఆ జమ్మిచెట్టుకే.

గాండీవధారి అయిన అర్జునుడు విల్లును చెట్టుమీద దాచి, బృహన్నలగా రాకుమారికి ఆట నేర్పుతాడు. ఊర్వశి శాపమే అజ్ఞాతవాసంలో వరమైంది. చేతిలో విద్య ఉండి కూడా చాటుకోలేని కాలం ఎవరికైనా వస్తుంది. ఆ కాలాన్ని గౌరవంగా గడపడం ఎలాగో ఎన్.టి.రామారావు బృహన్నల పాత్రలో చూడవచ్చు.

ఇటుక మీది దేవుడు

నాలుగవది ‘పాండురంగ మహాత్మ్యం’ (1957). తల్లిదండ్రులను కష్టపెట్టిన పుండరీకుడు పశ్చాత్తాపంతో మారి, వారి సేవకే అంకితమవుతాడు. సాక్షాత్తు భగవంతుడే వాకిట నిలిస్తే, సేవ ముగిసేదాకా నిలబడి ఉండమని ఇటుక వేశాడని పండరిపుర క్షేత్రగాథ. నడుముపై చేతులుంచుకుని స్వామి నేటికీ ఆ ఇటుకపైనే నిలిచి ఉన్నాడు. కన్నవారి సేవలో ఉన్న బిడ్డకోసం దేవుడైనా వేచి ఉంటాడన్న మాట. ఈ చిత్రం నన్ను అంతగా కదిలించడానికి వేరొక కారణమూ ఉంది. అది అయిదవ చిత్రంతో ముడిపడినది.

అమ్మ చూసిన రామాయణం

అయిదవది ‘లవకుశ’. 1934లోనే ఒకసారి ఆ కథను తెరకెక్కించిన సి.పుల్లయ్య మళ్ళీ చేపట్టగా, ఆయన కుమారుడు సి.ఎస్.రావు పూర్తిచేశారు. 1963లో విడుదలైన ఈ చిత్రం తెలుగులో పూర్తి నిడివి రంగుల చిత్రాలలో మొదటిది. రామునిగా రామారావు, సీతగా అంజలీదేవి, వాల్మీకిగా నాగయ్య నటించారు. ఘంటసాల సంగీతంలో లీల, సుశీల లవకుశులకు గొంతునిచ్చారు.

నా బాల్యంలో ఈ చిత్రం మా ఊరి టూరింగ్ టాకీసుకు మళ్ళీ వచ్చినప్పుడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆమెకు అక్షరం రాదు. ఆ రాత్రి ఆమె ఏడ్చిన ఏడుపు నాకు ఇంకా గుర్తే. అప్పటినుంచి సాయంత్రాలు అరుగుమీద వాడలోని పిల్లలను కూర్చోబెట్టుకుని, తెరమీద చూసిన కథనే రామాయణంగా చెప్పేది.

నేను వేదాధ్యయనం ముగించి ఇల్లు చేరిన కొత్తలో ఒకనాడు ఆమె లవకుశులు యాగాశ్వాన్ని కట్టివేసి, రామసైన్యంతో తలపడిన ఘట్టం చెబుతోంది. నేను అడ్డుపడ్డాను. "అమ్మా, అది వాల్మీకంలో లేదు. అక్కడ లవకుశులు యుద్ధం చేయలేదు, రామకథను గానం చేశారు. రజకుడి మాట కూడా అంతే. పౌరుల అపవాదును రామునికి విన్నవించినవాడు భద్రుడు" అన్నాను.

"అలాగా నాయనా" అంది. అంతే. మరునాడు పిల్లలు వచ్చి పిలిస్తే, "నాకు సరిగా తెలియదర్రా, అన్నయ్యను అడగండి" అని లోపలికి వెళ్ళిపోయింది. పిల్లలు నా దగ్గరకు రాలేదు.

నేను చెప్పినది అసత్యం కాదు. కానీ సత్యాన్ని ప్రియంగా పలకమన్న మనువాక్యం వల్లించినవాణ్ణే నేను. ఆ యుద్ధఘట్టం పద్మపురాణంలోనూ, జైమినిభారతంలోనూ ఉన్నదని అప్పటికి నాకే తెలియదు. చాలా ఏళ్ళు మా అరుగు మూగగానే ఉండిపోయింది.

ఒక ఏడాది శ్రీరామనవమికి ఆలయంలో పారాయణ చేస్తున్నాను. బాలకాండ నాలుగవ సర్గ. కుశలవులు మునుల సభలో రామాయణం గానం చేస్తారు. విన్న మునులందరి కళ్ళూ చెమరుస్తాయి. ఎన్నడో జరిగిన కథ ఇప్పుడు ఎదుటనే జరుగుతున్నట్లు చూపించారని వారు మెచ్చుకుంటారు. ఒకరు కలశం, మరొకరు నారచీర, చేతిలో ఏది ఉంటే అది ఆ బాలకులకు ఇచ్చివేస్తారు. ఎన్నోసార్లు చదివిన సర్గే. ఆనాడు మాత్రం గొంతు పెగలలేదు. రామాయణం లోకానికి అందిన తీరే అది! చదవగా కాదు, ఎదుట పాడి చూపగా.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళి ఆ సర్గను తాత్పర్యంతో సహా అమ్మకు వినిపించాను. పూర్తిగా విని ఆమె అన్నది: "ఆ మునులు ఏడ్చినట్లే కదురా, టాకీసులో నేనూ ఏడ్చింది!"

మరునాటి సాయంత్రం అరుగుమీద మళ్ళీ కథ మొదలైంది. అశ్వమూ ఉంది, యుద్ధమూ ఉంది. తన కథ వినడానికి శ్రీరాముడు సింహాసనం దిగి మెల్లగా సభికులలో ఒకడై కూర్చున్నాడని అదే సర్గకు పెద్దలు చెప్పే వ్యాఖ్యానం. ఇక నాకేమి అభ్యంతరం? వెళ్ళి పిల్లల మధ్య కూర్చుని విన్నాను.

గృహస్థులకు నా మనవి ఒక్కటే. పండుగనాడు ఈ చిత్రాలు టీవీలో వచ్చినప్పుడు పిల్లలతోపాటు పెద్దలూ కూర్చుని చూడండి. మూలంలో ఏమున్నదో తప్పక చెప్పండి, కానీ వారి కళ్ళు తడిగా ఉన్న వేళ కాదు. మరునాడు స్నానం చేసి, దీపం వెలిగించి, బాలకాండ నాలుగవ సర్గ తెరిచి చదివి వినిపించండి. ముందురోజు చూసిన లవకుశులు అందులో వారికి మళ్ళీ కనిపిస్తారు.