పోగులు పెట్టువారును, కోరుకొనువారును



ఎండకాలపు సెలవులు వచ్చినంతనే కరీంనగరమున గాని, జగిత్యాలలో గాని, మంచిర్యాలలో గాని పిల్లలున్న యిండ్ల వసారాలలో ముక్కలు పరచుకొని కూర్చున్న బాలబాలికలు కానవత్తురు. ముక్కలనగానే మనలో పెక్కుమందికి పేకాట తలపునకు వచ్చి మనసు చివుక్కుమనును. కాని యివి జూదపు ముక్కలు కావు, బొమ్మల ముక్కలు. అంగళ్లలో మూసిన పొట్లములుగా అమ్ముదురు. లోపల నేమున్నదో విప్పినగాని తెలియదు. ఒకరియొద్ద రెండున్న ముక్క వేరొకరియొద్ద లేకున్నచో మార్చుకొందురు. ఇట్లు కూర్చుకొన్న ముక్కలతో ఎవరి కట్ట వారు కట్టుకొని, ఎదురెదురుగా కూర్చుండి ఆడు ఆటలును కలవు. ఈ జాతి ఆటలకు మొదటిది ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ అనునది. అమెరికా దేశమున రిచర్డ్ గార్‌ఫీల్డ్ అను గణితపండితుడు దీనిని కల్పింపగా 1993లో వెలువడినది.

బొమ్మల ముక్కలు మన సీమకు కొత్తవి కావు. కొయ్యబొమ్మలకును రంగుల చిత్రములకును పేరొందిన నిర్మలలోనే ఒకప్పుడు గంజిఫా ముక్కలను గూడ వ్రాసెడివారు. దశావతార గంజిఫాలో అవతారమునకు పండ్రెండేసి చొప్పున నూట యిరువది గుండ్రని ముక్కలుండును. ప్రతి అవతారమునకును ఒక రాజు, ఒక మంత్రి, పది అంకెల ముక్కలు. అంత అందమైన ముక్కలను చేతబట్టిన అమ్మమ్మల మనుమరాండ్రము మనము. కావున నేటి పిల్లల ముక్కలను చూచి ముఖము త్రిప్పుకొనక, వానిలోని యొక చమత్కారమును గూర్చి రెండు మాటలు వినుడని కోరుచున్నాము. అది మన వంటయింటికిని, మన పుట్టింటికిని చాల దగ్గరి విషయము.

2000వ సంవత్సరమున ఆ ఆటలో ‘ఫ్యాక్ట్ ఆర్ ఫిక్షన్’ అను ముక్క యొకటి చేర్చబడినది. దానిని వేసినవాడు తన కట్టమీది అయిదు ముక్కలను తీసి అందరకు కానవచ్చునట్లు పరచవలెను. వానిని రెండు పోగులుగా పెట్టువాడు మాత్రము అతడు కాడు, ఎదిరి. ముక్క వేసినవాడు ఆ రెంటిలో నొక పోగును కోరుకొని చేతిలోనికి తీసికొనును. మిగిలిన పోగు పారవేసిన ముక్కలలోనికి పోవును. పంచుట యొకరి వంతు, ఎంచుకొనుట మరియొకరి వంతు.

ఇది చదివినంతనే మీకు ఊరి సంగతి జ్ఞాపకము వచ్చియుండును. మన పల్లెలలో పదిమంది కలిసి ఒక మేకనో గొఱ్ఱెనో కొని కోయించి పోగులు పెట్టుకొందురు. మా యింట మాంసము వండు వాడుక లేకున్నను, పండుగనాటి ఉదయమున ఆ పోగులు పెట్టు నేర్పును మేము ఎన్నియో మారులు కన్నులార చూచితిమి. ప్రతి పోగులోను మెత్తనిది కొంత, ఎముక కొంత, కార్జము కొంత పడవలెను. పెట్టువానికి తన పోగేదియో ముందు తెలియదు. కావున చేయి వంకర పోదు. ఇక దాయాదులకు మన తెలంగాణమున వాడుకలోనున్న పేరే ‘పాలోళ్లు’, అనగా పాలుగలవారు. అన్నదమ్ములు వేరుపడునప్పుడు పెద్దవాడు పాళ్లు పెట్టవలెను, చిన్నవాడు ముందుగా కోరుకొనవలెనను మాట పెద్దలనోట విననివారెవరు?

అయితే మాంసమును కోయవచ్చును, ధాన్యమును కొలవవచ్చును. ముక్కను రెండుగా చింపుట కుదరదు. ఎద్దును సగము చేయలేము, బావిని సగము చేయలేము. చమత్కారమంతయు ఇచ్చటనే యున్నది. కోయరాని వస్తువులను రెండు పోగులుగా పెట్టవలసి వచ్చినప్పుడు సమమన నేమి?

దీనికి భారతములో నొక దృష్టాంతమున్నది. ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుని సాయము కోరి దుర్యోధనుడును అర్జునుడును ఒకే దినమున ద్వారకకు వచ్చిన కథ మీకందరకు తెలిసినదే. తలదిక్కున నొకడు, పాదముల కడ నొకడు కూర్చున్నదానినే మనము చెప్పుకొందుము గాని, ఆ తరువాత జరిగినది పోగులు పెట్టుట యని గమనించినవారు కొందరే. ఒక పోగులో నారాయణ గోపాలుర మహాసేన. రెండవ పోగులో ఆయుధము పట్టని, యుద్ధము చేయని తానొక్కడు. చిన్నవానికే ముందుగా కోరుకొను హక్కని చెప్పి ఆయన అర్జునుని అడిగెను. అర్జునుడు కృష్ణుని కోరెను. దుర్యోధనుడు సేన తనకు మిగిలినందులకు లోలోన పొంగిపోయెను. లెక్కకు చూచినచో ఆ పోగులు సమములు కానేకావు. అయినను ఇరువురును తమకు మేలైనది దొరికినదని తలచి వెడలిరి. ఒకే వస్తువు ఇరువురి కన్నులకు రెండు విలువలుగా తోచిననే యిట్టి పంపకము సాధ్యము.

ముక్కల ఆట కల్పించువాడు గుర్తెరుగవలసినదియు ఇదియే. ప్రతి ముక్కకును అందరి కన్నులకు ఒకే విలువ యున్నచో పంచువాడు కూడిక చేసి సగము సగము పెట్టును. కోరువాడు కన్ను మూసికొని ఏదో యొకటి తీసికొనును. అందులో ఆట యేమున్నది? ముక్క విలువ చేతిలోనున్న యితర ముక్కలనుబట్టి మారవలెను.

ఎన్ని ముక్కలను పరచవలెననునది మరియొక చిక్కు. మూడు ముక్కలను రెండు పోగులుగా పెట్టు విధములు, ఒక పోగు వట్టిదైనను ఒప్పుకొన్నచో, నాలుగే. పంచువాడు తలచుకొనుటకేమియు లేదు. అయిదింటికి పదునారు. ఏడింటికి అరువదినాలుగు, పంచువాడు తల పట్టుకొని కూర్చుండగా ఎదుటివారికి ఆవులింతలు వచ్చును. అయిదే తగిన సంఖ్యయని మా యింటి పిల్లలతో ఆడి తెలిసికొంటిమి. వట్టి పోగును ఒప్పుకొనుట వింతగా తోచును గాని ఆ ఆటలో అదియు చెల్లును: అయిదును ఒక ప్రక్క, ఏమియు లేనిది రెండవ ప్రక్క. మిక్కిలి ధనవంతుడు వచ్చి బేరమాడినప్పుడు అంగడివాడు నవ్వి ఊరకుండుట వంటిది.

పంచువాడెవరు, కోరువాడెవరు అనునది మార్చినచో ఆటయే మారిపోవును. 2013లో వెలువడిన ‘స్టీమ్ ఆగరీ’ అను ముక్కలో వేసినవాడే తన అయిదు ముక్కలను పోగులు పెట్టును, ఎదిరి వానిలో నొకదానిని కోరి అతనికిచ్చును. చూచుటకు రెండును అక్కచెల్లెండ్రవలె నుండును. రెంటికిని వెల నాలుగే. కాని మొదటి దానిలో వేసినవానికి దక్కునది పెద్ద పోగు, రెండవదానిలో దక్కునది చిన్న పోగు. కోరుకొను చేయి ఎప్పుడును మేలైనదానిని తనకు తీసికొనును, కీడైనదానిని ఎదుటివానికి ఇచ్చును గదా. అందుచేతనే మొదటిదానికి అంత పేరు వచ్చినది. కొన్ని పోటీలలో దానిని కట్టకు ఒక్కటికి మించి పెట్టుకొనరాదని కొంతకాలము కట్టడి చేయవలసి వచ్చినది. మిగిలిన పోగు పారవేసిన ముక్కలలోనికి పోయినను, అచ్చటనుండి ముక్కలను తిరిగి తెచ్చుకొను ఉపాయము గలవానికి రెండు పోగులును దక్కినట్లే. విడిచిన పోగు ఏమగునో ముందుగా ఆలోచింపక పంచుట తెలివి కాదు.

2016లో వచ్చిన ‘ఫార్చ్యూన్స్ ఫేవర్’ అనుదానిలో ఎదిరి నాలుగు ముక్కలను తానొక్కడే చూచి, ఒక పోగును తెరిచియు, ఒక పోగును మూసియు పెట్టును. కోరువానికి తెరిచిన పోగు మాత్రమే తెలియును. నష్టమును పంచు ముక్కలును కలవు. ‘డూ ఆర్ డై’ అనుదానిలో వేసినవాడు ఎదిరి బలగమును రెండుగా విడదీయును. ఏది నశింపవలెనో ఎదిరియే చెప్పవలెను. ఈ క్రూరపు ముక్కను మేము పిల్లలకు చూపలేదు.

పొట్లములకు డబ్బు పోయుట ఎందుకని మేము ఇంటిలో మిగిలిన శుభలేఖల అట్టలను కత్తిరించి నలువది ముక్కలు చేసితిమి. చెలక, బావి, ఎద్దు, వడ్లబస్తా: బొమ్మలు నాలుగు రకములే. చెలకకు రెండు, బావికి ఒకటి. రెండును కలిసినచో ఆరు. ఒంటి ఎద్దుకు ఒకటి, జోడునకు అయిదు. వడ్లబస్తా ఎవరియింటనున్నను మూడే. ఒకమారు పరచిన అయిదు ముక్కలలో ఎడ్లు రెండు, చెలక, బావి, బస్తా వచ్చినవి. పంచువంతు తొమ్మిదేండ్ల పిల్లది. కోరువాడు దానికంటె నాలుగేండ్లు పెద్ద. ఆ పిల్ల ఎడ్ల జోడును విడదీసినది, బావిని చెలకనుండి విడదీసినది. చెలకయు ఒక ఎద్దును ఒక ప్రక్క, బావియు బస్తాయు రెండవ ఎద్దును వేరొక ప్రక్క పెట్టినది. మొదటి పోగు మూడు, రెండవది అయిదు. పదునారు విధములలో ఎట్లు పెట్టినను కోరువానికి అయిదుకంటె తక్కువ దక్కునట్లు చేయుట సాధ్యము కాదని మేము తరువాత కాగితముమీద లెక్కించి చూచితిమి. అయినను వాడు నవ్వుచు బావి పోగును లాగుకొని, చేతిలో దాచియుంచిన చెలకతో జతచేసి ఎనిమిది గడించినాడు. నాటినుండి ఆ పిల్ల పోగులు పెట్టుటకు ముందు ముక్కలవంక కాక అన్న ముఖమువంక చూచుట మొదలుపెట్టినది.

ఇందువలన మరియొక మేలును కలిగినది. అంతకుముందు బొమ్మల ముక్కలు మార్చుకొనునప్పుడు పెద్దపిల్లలు ఒక తళుకు ముక్కను చూపి చిన్నవారియొద్ద మూడు నాలుగు లాగుకొనెడివారు. ఇప్పుడు బేరము రాగానే, “నీవి, నావి కలిపి రెండు పోగులు పెట్టు. నేను కోరుకొందును” అని చిన్నది పలుకుచున్నది. పెద్దవారికి బేరము రుచింపకుండుట సహజమే.

ఇక మన మాట. ఆడుబిడ్డకు ఉమ్మడి ఆస్తిలో కుమారునితో సమానమైన పాలు 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టముచే, 1985 సెప్టెంబరు 5 మొదలుకొని, నాటికి పెండ్లికాని కూతుండ్రకు కలిగినది; మన జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రములోనివే. 2005లో దేశమంతటను కూతుండ్రకు ఆ హక్కు వచ్చినది. అది పుట్టుకతో వచ్చు హక్కేయనియు, 2005 నాటికి తండ్రి బ్రతికియుండవలెనను నియమము లేదనియు 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పినది. పాలు ఎంతయో చట్టము చెప్పినది. పోగులు పెట్టువారెవరో, కోరువారెవరో చెప్పుట ఇంటివారి పని. చాలయిండ్లలో జరుగునది మీరెరుగుదురు: సర్వే నంబర్లు వ్రాసిన కాగితమొకటి అత్తవారింటికి వచ్చును, అందులో ఆడుబిడ్డ పేరిట ఒక పోగు వ్రాసియుండును, క్రింద చేవ్రాలు చేయవలెను. రెండవ పోగు కంటికి కనబడదు. అది పంపకము కావచ్చును గాని కోరుకొనుట కాదు. రెండు పోగులను చూపినను, ఏ చెలకలో నీరున్నదో, ఏ బోరు ఎండినదో, ఏ దారి ఎవరి గట్టుమీదుగా పోవునో పెండ్లియై ఇరువదియేండ్లు పట్టణమున నున్న ఆడుబిడ్డకు తెలియదు. ఆమెకు అది మూసిన పోగే. కాగితము చదువుకంటె ముందు పొలము గట్టుమీద ఒక పూట నడచి రావలెనని మా చెల్లెండ్రకు మేము చెప్పుచుందుము.

తల్లి నగల విషయమున మాత్రము పంచువారమును కోరువారమును మనమే. అక్కచెల్లెండ్రు త్రాసు తెచ్చి తులములకు తులములు సరిచూచి, చివరకు ఇరువురును ముఖము ముడుచుకొని లేచుట మేము చూచినదే. తూకము సమమైనంత మాత్రమున విలువ సమము కాదు. రాళ్లనగను కరిగించినచో తరుగు పోవును, కడియములను కరిగించినచో అంతగా పోదు. బిడ్డ చదువునకు రొక్కము కావలసిన చెల్లెలికి కడియములు మేలు. అమ్మ మెడలోని కాసులపేరును పెట్టెలో దాచుకొని అప్పుడప్పుడు చూచుకొనవలెనను అక్కకు అవి వట్టి బంగారము. ఎవరికేది కావలెనో అడిగి తెలిసికొని పోగులు పెట్టినచో, ద్వారకనుండి వెడలిన ఆ యిరువురివలె వీరును తృప్తితో లేతురు.

ముగ్గురున్నప్పుడు పని కష్టము. పోలెండ్ గణితజ్ఞుడు హ్యూగో స్టైన్‌హాస్ 1948లో ఈ చిక్కును గూర్చి వ్యాసము ప్రకటించినాడు. ఎంతమందియైనను న్యాయముగా పంచుకొను పద్ధతిని ఆయన మిత్రులు బానాఖ్, క్నాస్టర్ కనిపెట్టిరి. మా యింట అంత గణితము లేదు. మూడు పోగులు పెట్టినవారు చివర తీసికొందురు. చిన్నవారు ముందు, నడిమివారు తరువాత. ముగ్గురికి అయిదు ముక్కలు చాలవు, ఏడు పరచవలెను. ఒక పోగులో నొక్కటియే పడినను తప్పు లేదు. ఆడదలచినవారు అట్టలను ఒకే కొలతకు కత్తిరింపుడు. వెనుక ప్రక్క అచ్చు అక్షరములు కనబడినచో పిల్లలు ముక్కను గుర్తుపట్టుదురు కావున, అటువైపు తెల్లకాగితము అంటింపవలెను.