మీకు తెలుసా? రెండు వోల్టులే కదా!

ఎలక్ట్రిక్ సైకిలుకు బిగించిన లిథియం బ్యాటరీలో అసలు లిథియం ఎంతుంటుందో తెలుసా? బజారులో మామూలుగా దొరికే 36 వోల్టుల, 10 ఆంపియర్ అవర్ల ప్యాకునే తీసుకోండి. చేత్తో ఎత్తితే రెండు మూడు కిలోలుంటుంది. లోపల బొటనవేలంత సెల్లులు నలభై దాకా ఉంటాయి. వాటన్నిటిలో కలిపి లిథియం సుమారు 30 గ్రాములు, అంటే మూడు తులాలు. మిగతా బరువంతా నికెల్, మాంగనీసు, గ్రాఫైటు, రాగి రేకు, అల్యూమినియం రేకు, ఉక్కు డొప్ప, వీటన్నిటినీ తడిపి ఉంచే ద్రావకం. ప్రమాదం జరిగినప్పుడు చెడ్డపేరంతా లిథియానికే వస్తుంది గానీ, భగ్గున మండేది ఆ ద్రావకం.

* * *

అల్యూమినియం మాట వచ్చింది కదా, కొరాపుట్ వాళ్లకు అది పరాయి సరుకు కాదు. పంచపత్మలి కొండ మీద తవ్విన బాక్సైటు 14 కిలోమీటర్లకు పైగా పొడవున్న బెల్టు మీద దమన్‌జోడిలోని నాల్కో కర్మాగారానికి దిగుతుంది. అక్కడ అల్యూమినాగా మారి, రైలెక్కి అంగుల్‌కో విశాఖ రేవుకో పోతుంది. లిథియం సెల్లులో ప్లస్ వైపు రేకు అల్యూమినియంది, మైనస్ వైపుది రాగిది. రాగి ఖరీదు కదా, రెండు వైపులా అల్యూమినియమే పెట్టొచ్చుగా అంటే కుదరదు. మైనస్ వైపు పెడితే లిథియం దాంతో కలిసిపోయి రేకును పొడిపొడి చేసేస్తుంది.

రాగికి మరో బలహీనత ఉంది. ప్యాకును పూర్తిగా వాడేసి నెలల తరబడి మూల పడేస్తే, వోల్టేజి అడుగంటిపోయి ఆ రాగి కొంచెం కొంచెంగా ద్రావకంలోకి కరుగుతుంది. తర్వాత చార్జింగ్ పెట్టినప్పుడు కరిగిన రాగి ఎక్కడ పడితే అక్కడ పేరుకుని లోపల్లోపలే షార్టు చేయగలదు. కొరాపుట్ వానల సంగతి తెలిసిందే. జూన్‌లో సైకిలు వరండాలో ఓ మూలకు చేరితే మళ్లీ దసరాకే బయటికొస్తుంది. అలాంటి ప్యాకును తుడిచి, నేరుగా చార్జర్ తగిలించి నిద్రపోవడం కన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు. మూలపెట్టే ముందే సగం చార్జి ఉంచి, నెలకో రెండు నెలలకో ఒకసారి చూసుకుంటే ఈ బాధే ఉండదు.

సగమే ఎందుకు, నిండుగా ఉంచితే ఏం? ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ నేర్పిన అలవాటు ఇది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఎప్పుడూ నిండుగా ఉండటమే ఆరోగ్యం. లిథియంది రివర్సు లెక్క. నిండుగా, అందులోనూ వేడి చోట ఉంటే తొందరగా ముసలిదైపోతుంది.

* * *

రాయగడలో మా మావయ్య రిటైరైన మాస్టారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా రాయగడ, కొరాపుట్ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం ఏజెన్సీలో భాగమే కాబట్టి, అక్కడ బజారులో ఇప్పటికీ సగం బేరాలు తెలుగులోనే జరుగుతాయి. మావయ్య ఎలక్ట్రిక్ సైకిలు కొన్న ఏడాదికి చార్జర్ కాలిపోయింది. పక్కింట్లో అటక మీద పడున్న పాత చార్జర్ ఒకటి అడిగి తెచ్చుకున్నారు. దాని మీదా 36 వోల్టులనే ఉంది, పిన్నూ సరిగ్గా పట్టింది. రెండ్రోజులు బాగానే నడిచింది. మూడోరోజు ప్యాకు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోందని సైకిలు షాపుకి తీసుకెళ్లారు. నేనూ వెంట ఉన్నాను.

కుర్రాడు ముందు ప్యాకును కాదు, చార్జర్‌ను చూశాడు. గోడకు తగిలించి, మల్టీమీటర్ ఎర్ర ముల్లు ఒకవైపు, నల్ల ముల్లు ఒకవైపు పెట్టాడు. అంకెలు కాసేపు ఊగి 44.1 దగ్గర ఆగాయి.

“మాస్టారూ, ఇది పాత లెడ్ యాసిడ్ బండిదండి. మీ ప్యాకుకి 42 దాటకూడదు.”

“రెండు వోల్టులే కదరా! ఇంట్లో కరెంటే 180కీ 240కీ గంతులేస్తుంటే ఏమవడం లేదు.”

“గోడలో కరెంటు గంతులు చార్జర్ సర్దుకుంటదండి. చార్జర్ గంతేస్తే సర్దుకోడానికి వెనకాల ఎవరున్నారు?”

కుర్రాడి మాటలో ఉన్న శాస్త్రం ఇదీ. 36 వోల్టుల ప్యాకులో పది సెల్లులు వరసగా కలుస్తాయి. ఒక్కోదానికి గరిష్ఠంగా 4.2 వోల్టులు, మొత్తం 42. పాత లెడ్ యాసిడ్ చార్జర్ మూడు 12 వోల్టుల బ్యాటరీలను నింపడానికి చేసింది, కాబట్టి 44 దాకా తోస్తుంది. అంటే ఒక్కో సెల్లుకి 4.4. వినడానికి 0.2 తేడా. సెల్లు లోపల మాత్రం గ్రాఫైటులో చోటు చాలని లిథియం పైపైన లోహంగా పేరుకోవడం, ప్లస్ వైపు పదార్థం సడలి ఆక్సిజన్ వదిలే స్థితికి చేరడం, రెండూ ఆ 0.2లోనే మొదలవుతాయి. 48 వోల్టుల ప్యాకుకైతే లిథియం చార్జర్ 54.6 దగ్గర ఆగాలి, అదే లెడ్ యాసిడ్‌ది 58 దాటుతుంది.

మరి ప్యాకులో బీఎంఎస్ అనే సర్క్యూటు ఉంటుందిగా, అది ఆపదా? ఆపుతుంది. మావయ్య రెండ్రోజులు బయటపడింది దాని పుణ్యానే. కానీ అది ఇంటి తలుపుకి గొళ్లెం లాంటిది, రోజూ తన్ని చూడ్డానికి కాదు.

ఇంకో మెలిక. లిథియంలోనే ఐరన్ ఫాస్ఫేట్ రకం వేరు. అందులో సెల్లుకి 3.65 వోల్టులే. 36 వోల్టుల పేరుతో వచ్చే ఆ ప్యాకులో పన్నెండు సెల్లులుంటే చార్జర్ 43.8 ఇవ్వాలి. దాన్ని తెచ్చి మామూలు లిథియం ప్యాకుకి పెడితే మళ్లీ మావయ్య కథే. అందుకే చార్జర్ మీద పెద్ద అక్షరాలతో ఉండే 36, 48 చూసి మోసపోకండి. కింద చీమతలకాయంత అక్షరాల్లో అవుట్‌పుట్ అని ఉంటుంది, ఆ అంకె చదవండి. మావయ్య కొత్త చార్జర్ మీద అత్తయ్య గోళ్ల రంగుతో 42 అని రాసుకున్నారు. పాతది తీసుకెళ్లి పక్కింటి అటక మీదే పెట్టేశారు!

* * *

సాలూరు నుంచి కొరాపుట్‌కి సైకిలెక్కి వస్తే బ్యాటరీ ఏమవుతుందో తెలుసా? సాలూరు సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తులో ఉంటే, కొరాపుట్ సుమారు 870. మనిషి, సైకిలు కలిపి 90 కిలోలనుకుంటే ఆ 750 మీటర్లు పైకి లేపడానికే 180 వాట్ అవర్లకు పైగా కావాలి. ప్యాకు మొత్తం 360. సగం బ్యాటరీ దూరానికి కాదు, ఎత్తుకే పోతుందన్నమాట. మోటారులో వృథా కలిపితే ఇంకా ఎక్కువ. సుంకి, పొట్టంగి దాటేసరికి ప్యాకు, మోటారు కాగిపోయి ఉంటాయి. ఆ వేడి మీదే చార్జింగ్ పెట్టకూడదు. అరగంటో గంటో నీడన వదిలేసి, చెయ్యి పెడితే చల్లగా తగిలాకే పెట్టాలి. జయపురం నుంచి ఎక్కితే ఎత్తు తేడా రెండొందల మీటర్లే, యాభై వాట్ అవర్లతో అయిపోతుంది.

* * *

మామూలు లిథియం సెల్లును చార్జ్ చేయదగ్గ వేడి సున్నా నుంచి 45 డిగ్రీల దాకా. రాయగడలో మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద 45 దాటడం ఎంతసేపు? అటు సిమిలిగుడ, పొట్టంగి వైపు జనవరి తెల్లవారుజామున చలి ఒంటి అంకెకు దిగుతుంది. సున్నాకి దగ్గరవుతున్న కొద్దీ సెల్లు నెమ్మదిస్తుంది, సున్నా కింద చార్జ్ చేస్తే లిథియం లోపల లోహంగా పేరుకుంటుంది, అది మళ్లీ కరగదు. రాత్రంతా మంచులో ఉన్న ప్యాకును ఇంట్లోకి తెచ్చాక గంట ఆగండి. దాని ఒంటి మీద పట్టిన చెమ్మ కూడా ఈలోగా ఆరుతుంది.

* * *

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి ఆంధ్రకీ ఒడిశాకీ కరెంటు పంచుతోంది. దాని సామర్థ్యం 120 మెగావాట్లు. ఖాళీ సైకిలు ప్యాకు నిండటానికి చార్జర్ వృథాతో కలిపి 0.42 యూనిట్ పడుతుందనుకుంటే, మాచ్‌ఖండ్ పూర్తి సామర్థ్యంతో ఒక్క సెకను తిరిగితే దాదాపు 80 సైకిళ్లు నిండుతాయి. సాయంత్రం ఆరింటికి పెడితే పడుకునే వేళకి అయిపోయే పని ఇది, 2 ఆంపియర్ల చార్జర్‌కి అయిదు గంటలు చాలు. దీనికోసం రాత్రంతా వదిలేయడం దేనికి?

* * *

వదిలేస్తే ఏమవుతుందో 2022 ఏప్రిల్‌లో వారం తిరక్కుండా రెండుసార్లు చూశాం. నిజామాబాద్‌లో స్కూటర్ బ్యాటరీ ఊడదీసి రాత్రి హాల్లో చార్జింగ్ పెట్టారు. తెల్లవారుజామున పేలి, ఆ గదిలో నిద్రపోతున్న 80 ఏళ్ల పెద్దాయన పోయారు. ఏప్రిల్ 23 తెల్లవారుజామున విజయవాడలో పడగ్గదిలో పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని పోయారు. బండి కొన్నది ముందు రోజే. పక్కలో బల్లెం అనే మాట అంత అక్షరాలా నిజమవడం నేనెప్పుడూ వినలేదు. అదే ఏడాది సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు రేగి, పొగ పైనున్న హోటల్‌లోకి ఎగబాకి 8 మంది చనిపోయారు. మెట్ల దారే పొగగొట్టమైపోయింది. కాబట్టి చార్జింగ్ ఎక్కడ పెట్టాలి అన్నదానికి నా సమాధానం: పరుపు మీద కాదు, గుమ్మం దగ్గర కాదు, మెట్ల కింద అసలే కాదు. ఎండా వానా తగలని సిమెంటు గచ్చు మీద, చుట్టూ అంటుకునేది లేనిచోట. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకేయండి.

ఆ ప్రమాదాల తర్వాత 2022 డిసెంబర్ 1 నుంచి, తిరిగి 2023 మార్చి 31 నుంచి బ్యాటరీ బళ్లకు ఏఐఎస్ 156 అనే భద్రతా పరీక్షల నిబంధనలు కఠినం చేశారు. అయితే 250 వాట్ల లోపు మోటారు, 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న సైకిలు మన చట్టం లెక్కలో మోటారు బండే కాదు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్స్ అక్కర్లేదు. సంతోషమే, కానీ ఆ పరీక్షల గొడుగూ దాని మీద లేదు.

ఇది మన దగ్గరి గోలే అనుకోకండి. న్యూయార్క్ నగరంలో 2023లో లిథియం బ్యాటరీల వల్ల 268 అగ్నిప్రమాదాలు, 18 మరణాలు. అక్కడ ఎక్కువగా భోజనం ఇంటికి తెచ్చే కుర్రాళ్ల సైకిళ్లే. పరీక్ష పాసవ్వని బ్యాటరీల అమ్మకాన్ని ఆ ఏడాది సెప్టెంబర్‌లో నిషేధించారు.

* * *

నిప్పు లేనిదే పొగ రాదంటాం. లిథియం ప్యాకు తరచూ దీన్ని తిరగేస్తుంది. ముందు తెల్లటి పొగ, బుస్సుమనే చప్పుడు, ఆ తర్వాతే మంట. అంతకన్నా ముందు వాసన. గోళ్ల రంగు తుడిచే మందులా, కాస్త తియ్యగా ఉంటుంది. ప్యాకు డొప్ప ఉబ్బినా, ఆ వాసన వచ్చినా మళ్లీ చార్జర్ దగ్గరికి తీసుకెళ్లకండి.

అంటుకుంటే నీళ్లు పోయకూడదని, లిథియం నీళ్లకు పేలుతుందని చాలామంది అనుకుంటారు. పేలేది లోహపు లిథియం. ఈ ప్యాకులో ఉన్నది చాలావరకు అయాన్ల రూపంలోని మూడు తులాలు. ఫైర్ వాళ్లు వాడేది నీళ్లే, అదీ బిందెలతో కాదు, గొట్టాలతో. దుప్పటి కప్పినా ఇసక పోసినా ఎందుకు ఆరదంటే, వేడెక్కిన సెల్లు తన ఆక్సిజన్ తనే కొంత తయారు చేసుకుంటుంది, ఒకటి పక్కదానికి అంటిస్తూ టపాకాయల సరంలా పోతుంది. ఆ పొగ విషం. మీ పని మెయిన్ చేతికందితే ఆపేసి, అందరినీ బయటికి లాగి, 101కి ఫోన్ చేయడం వరకే.

* * *

జయపురం ఎయిర్‌స్ట్రిప్ నుంచి 2022లో చిన్న విమానాలు మొదలయ్యాయి. మీ సైకిలు ప్యాకును అలాంటి విమానంలో తీసుకెళ్లగలరా? కుదరదు. ప్రయాణికుల విమానంలో 160 వాట్ అవర్లు దాటిన విడి బ్యాటరీని చేతి సంచీలోనూ ఒప్పుకోరు, లగేజీలోనూ ఒప్పుకోరు. మీది 360. అదే మూడు తులాలు బంగారమైతే మెళ్లో వేసుకుని ఎక్కొచ్చు.