పరధ్యానపు పిల్లకి తిట్లే మందా?

మగపిల్లాడు బీరువా ఎక్కి దూకుతుంటే "వీడికేదో ఉంది, డాక్టరుకి చూపించాలి" అంటాం. ఆడపిల్ల పుస్తకం ముందేసుకుని గంటసేపు ఫ్యాను వంక చూస్తూ కూర్చుంటే మాత్రం "బద్ధకం" అనేసి ఊరుకుంటాం. రెండింటికీ కారణం ఒకటే కావచ్చని మీకు తెలుసా?

దాని పేరు అటెన్షన్ డెఫిసిట్ హైపర్ యాక్టివిటీ డిజార్డర్. పొట్టిగా ఏ.డి.హెచ్.డి. పేరు చూసి అందరూ గెంతులేసే పిల్లలే అనుకోకండి. కొందరికి దృష్టి నిలవకపోవడం ఒక్కటే ఉంటుంది. అల్లరి చెయ్యరు కనుక ఎవరి కంటా పడరు. ఆడపిల్లలు చాలామంది ఇలాగే మరుగున పడిపోతారు.

లెక్క వస్తుంది, గుర్తు మాత్రం చూసుకోదు. వారానికో పెన్సిలు పోగొడుతుంది. "కరివేపాకు కోసుకురా, వస్తూ స్టౌ తగ్గించు, తమ్ముణ్ణి లేపు" అంటే కరివేపాకు చెట్టు దగ్గరే ఆగిపోతుంది. అదే బొమ్మలు వేసుకుంటుంటే పిలిచినా పలకదు! "ఇష్టమైతే చేస్తుందిగా" అని మనకి ఒళ్లు మండేది ఇక్కడే. ఆ దృష్టిని కావలసిన చోటికి మళ్లించుకోలేకపోవడమే ఈ సమస్య. రోజూ "మొద్దు" అనిపించుకున్న పిల్ల, పదో తరగతికొచ్చేసరికి అదే నిజమని నమ్మేస్తుంది.

మరుపు అందరికీ ఉన్నదే. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం 6 నెలలు సాగి, ఇంట్లోనూ బడిలోనూ కూడా కనిపిస్తేనే డాక్టర్లు దీన్ని అనుమానిస్తారు. రక్తపరీక్షలో తేలేది కాదు. కళ్లు, చెవులు, నిద్ర బాగున్నాయో లేదో కూడా చూస్తారు.

పెంపకం లోపమని అత్తగారు, స్వీట్లు ఎక్కువయ్యాయని పక్కింటావిడ అంటారు. రెండూ కాదు. ఎక్కువగా వంశంలో వచ్చేదే. (రోజూ స్కూటరు తాళాలు వెతుక్కునే వాళ్ల నాన్నగారిని ఓసారి గమనించండి!)

ఒకసారికి ఒక్క పనే చెప్పండి. హోంవర్కు 15 నిమిషాలు చేయించి కాస్త లేవనివ్వండి. టీచరుగారిని అడిగి ముందు బెంచీలో కూర్చోబెట్టించండి. కాస్త పెద్ద పిల్లలకు అవసరమైతే మందులూ ఇస్తారు. వాటివల్ల ఆకలి తగ్గొచ్చు కాబట్టి బరువు చూస్తుండాలి. సొంతంగా ఆపెయ్యకండి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో 18 ఏళ్ల దాకా ఈ సమస్యనూ చూస్తారు. జిల్లా ఆసుపత్రిలో డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ ఎక్కడని అడగండి. వెళ్లేటప్పుడు పాత ప్రోగ్రెస్ రిపోర్టులు పట్టుకెళ్లండి. "క్లాసులో ఉన్నా లేనట్టే ఉంటుంది" అని ఎప్పుడో రెండో తరగతి టీచరు రాసిన ముక్క డాక్టరుగారికి ఎంతో పనికొస్తుంది.