రెండు నిమిషాల మౌనంలో లేని పేర్లు

ఏటా జనవరి 30న ఉదయం 11 గంటలకు దేశమంతా రెండు నిమిషాలు మౌనం పాటించాలని కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు ఉత్తర్వులు పంపుతుంది. సైరన్ ఉన్నచోట 10.59కి మోగుతుంది. కార్యాలయాల్లో, కళాశాలల్లో పని ఆపి అందరూ లేచి నిలబడతారు. ఆ రెండు నిమిషాలూ ప్రిన్సిపాల్, అటెండర్, వరండా ఊడ్చే కార్మికురాలు ఒకే తీరుగా నిలబడతారు. మౌనం అందరినీ సమానం చేస్తుందన్న నమ్మకం ఈ దృశ్యం నుంచే పుడుతుంది. నిలబడిన వారి సమానత్వం సరే, తలచుకోబడే వారి మధ్య సమానత్వం ఉందా అన్నది వేరే ప్రశ్న. కులం గురించి ఆలోచించేవారు ఈ రెండో ప్రశ్నను దాటవేయలేరు.

మనం గాంధీ వర్ధంతి నాడు, స్వాతంత్ర్య పోరాట అమరుల కోసం పాటిస్తున్న ఈ ఆచారం నిజానికి యుద్ధమృతుల కోసం రూపుదిద్దుకున్నది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1918లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం మధ్యాహ్నపు ఫిరంగి మోతతో రోజూ కొద్దిసేపు నిశ్శబ్దం పాటించింది. ఆ ఆనవాయితీని సామ్రాజ్యమంతటా పాటించాలని పెర్సీ ఫిట్జ్‌పాట్రిక్ సూచించగా, ఐదవ జార్జి చక్రవర్తి 1919 నవంబర్ 11న ఉదయం 11 గంటలకు రెండు నిమిషాలు సమస్తం ఆగిపోవాలని ప్రజలను కోరాడు. ఆ యుద్ధంలో దాదాపు 74 వేల మంది భారతీయులు మరణించారు. ఆ మౌనం వారికి కూడా చెందినదే. అయితే వారిలో ఎవరెవరు అందులోకి ప్రవేశించగలిగారు?

ఇంగ్లండ్‌లోని బ్రాకెన్‌హర్స్ట్ గ్రామ చర్చి ఆవరణలో ఒక సమాధి ఉంది. అది బరేలీ నుంచి వచ్చిన సుఖా అనే పారిశుద్ధ్య కార్మికుడిది. గాయపడిన భారత సైనికుల కోసం ఆ ఊళ్లో నెలకొల్పిన లేడీ హార్డింజ్ ఆసుపత్రిలో పనిచేస్తూ 1915 జనవరి 12న, 30 ఏళ్ల వయసులో మరణించాడు. అతడు అంటరానివాడు కాబట్టి హిందువులు దహనానికి ఒప్పుకోలేదనీ, ముస్లిం కాదు కాబట్టి ముస్లిం శ్మశానంలోనూ చోటు దొరకలేదనీ, చివరకు ఆ ఊరి మతాచార్యుడు చర్చి నేలలో ఖననం చేయించాడనీ చెబుతారు. సమాధిరాయిని నిలిపింది ఆ ఊరి ప్రజలు. అతడు క్రైస్తవుడు కాడన్న మాటను, ఇతరుల మేలు కోసం ప్రాణం ధారపోశాడన్న మాటను వారు ఆ రాతిమీదే చెక్కించారు.

ఇది ఒక ఊరి మంచితనపు కథగా మాత్రమే మిగిలిపోకూడదు. కులం సముద్రం దాటిన తీరును కూడా ఇది చెబుతుంది. బ్రైటన్‌లో రాజభవనాన్ని భారత సైనికుల ఆసుపత్రిగా మార్చినప్పుడు హిందువులకూ ముస్లింలకూ వేర్వేరు నీటి కొళాయిలు పెట్టారు. వంటశాలలను మత, కుల నియమాల ప్రకారం విడదీశారు. మలమూత్రాలు ఎత్తే పనికి అస్పృశ్య కులాల వారిని భారతదేశం నుంచే తీసుకువెళ్లారు. మరణించిన హిందూ, సిక్కు సైనికులకు పాచమ్ కొండ మీద దహనవాటిక, ముస్లిం సైనికులకు వోకింగ్ దగ్గర శ్మశానం ఏర్పాటయ్యాయి. సైనికుల ఆచారాలను గౌరవించామని సామ్రాజ్యం గొప్పగా చెప్పుకున్నది. ఆ గౌరవంలో భాగంగా అంటరానితనాన్ని కూడా యథాతథంగా కాపాడింది.

సుఖా ఒక్కడే అయితే దీన్ని మినహాయింపు అనుకోవచ్చు. ఆ యుద్ధంలో పాల్గొన్న 14 లక్షలకు పైగా భారతీయుల్లో సుమారు 5 లక్షల 60 వేల మంది ఆయుధం పట్టనివారు. సైనిక పరిభాషలో వారు ‘ఫాలోయర్లు’. పాకీ పనివారు, తోలు సంచుల్లో నీళ్లు మోసిన భిస్తీలు, వంటవారు, చాకలివారు, గుర్రాల సైసులు, గాయపడినవారిని డోలీల్లో మోసినవారు ఇందులో ఉన్నారు. ఊళ్లో ఏ కులం ఏ పని చేసేదో, సైన్యం వెనుక కూడా చాలావరకు ఆ కులానికే ఆ పని దక్కింది. జీతం తక్కువ, గౌరవం ఇంకా తక్కువ. 1917లో ఫ్రాన్స్‌కు పంపిన లేబర్ కోర్‌లో సంతాల్, ఒరాన్, నాగా, లుషాయి వంటి ఆదివాసులు వేల సంఖ్యలో ఉన్నారు. చరిత్రకారిణి రాధికా సింఘా 2020లో వెలువరించిన గ్రంథం ఈ కూలీల యుద్ధాన్ని విస్తృతంగా వెలికితీసింది.

ఆయుధం పట్టే హక్కు కూడా కులం చేతిలోనే ఉండేది. ఒకప్పుడు మద్రాసు సైన్యంలో తెలుగువారు, పరయలు పెద్దసంఖ్యలో ఉండేవారు. బొంబాయి సైన్యంలో మహార్లు ఉండేవారు. 19వ శతాబ్దం చివర ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం బలపడింది. 1881-85 మధ్య మద్రాసు సైన్యానికి అధిపతిగా పనిచేసిన రాబర్ట్స్ దానికి ప్రధాన సమర్థకుడు. దక్షిణాది వారు పోరాటానికి పనికిరారన్న ముద్ర పడింది. మహార్ల నియామకం 1890 దశకం ఆరంభంలో ఆగిపోయింది. 1917లో సైనికులు చాలక మహార్లతో ఒక పటాలాన్ని ఏర్పరిచి, యుద్ధం ముగిశాక కొద్ది సంవత్సరాల్లోనే రద్దుచేశారు. రెండవ ప్రపంచ యుద్ధంలో 1943లో ఏర్పడిన చమార్ రెజిమెంటుదీ అదే కథ. 1946కల్లా దాన్నీ తీసేశారు. అవసరానికి పిలవడం, అవసరం తీరాక పంపివేయడం దళిత సైనికుడికి పదేపదే ఎదురైన అనుభవం.

ఇక స్మారకాల సంగతి. ఇండియా గేట్‌పై 13 వేలకు పైగా పేర్లు ఉన్నాయి. ఇరాక్‌లోని బస్రా స్మారకంపై అధికారుల పేర్లు చెక్కి, సాధారణ భారత సైనికులను పటాలాలవారీగా అంకెలుగా మాత్రమే చూపారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ హోదాతో, మతంతో నిమిత్తం లేకుండా మృతులందరూ సమానమన్న సూత్రం మీద ఏర్పడింది. కానీ ఆ సంస్థే 2021లో వెలువరించిన నివేదికలో ప్రధానంగా ఆఫ్రికా, ఈజిప్టులకు చెందిన కనీసం 1,16,000 మందికి పేరుతో స్మరణ దక్కలేదని అంగీకరించింది. ఆ సంఖ్య మూడున్నర లక్షల దాకా ఉండవచ్చని కూడా చెప్పింది. భారతీయులతో సహా మరో 45 వేల నుంచి 54 వేల మందిని అసమానంగా స్మరించామని ఒప్పుకున్నది. బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆ క్షమాపణ జాతి వివక్షకు సంబంధించినది. కుల వివక్షకు క్షమాపణ చెప్పవలసినవారు లండన్‌లో లేరు, ఇక్కడే ఉన్నారు.

పేరు చెక్కితే ఏమవుతుందో భీమా కోరేగావ్ చూపుతుంది. 1818 జనవరి 1నాటి యుద్ధంలో మరణించిన కంపెనీ సైనికుల 49 పేర్లు ఆ స్తూపం మీద ఉన్నాయి. వాటిలో 22 మహార్లవి. సామ్రాజ్యం తన విజయానికి నిలుపుకున్న ఆ రాతి దగ్గరకు 1927 జనవరి 1న అంబేద్కర్ వెళ్లారు. పరాయి పాలకుల విజయాన్ని తలచుకోవడం ఏమిటని ఇప్పటికీ కొందరు ఆక్షేపిస్తారు. ఏటా అక్కడికి వచ్చే లక్షలాది జనం కంపెనీని కొలవడానికి రావడం లేదు. తమ పూర్వీకుల పేర్లు చదువుకోవడానికి వస్తున్నారు. ఊరి బావి దగ్గర, గుడి దగ్గర, పట్టా పుస్తకంలో ఎక్కడా గౌరవంగా కనిపించని పేర్లు అక్కడ కనిపించాయి. ఆ చదవడం కూడా కొందరికి కంటగింపు అయిందని 2018 జనవరి 1నాటి హింస రుజువు చేసింది.

మన దగ్గరి ఉదాహరణ ఢిల్లీలోని తీన్‌మూర్తి. అక్కడి మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల అశ్వికదళాలకు గుర్తులు. ఆ గుర్రాలకు గడ్డి కోసిన, నీళ్లు పెట్టిన చేతులకు నాలుగో విగ్రహం లేదు.

ఇది గతించిన కథ కాదు. లద్దాఖ్ వంటి ఎత్తైన సరిహద్దుల్లో రహదారులు వేసే కూలీల్లో ఎందరో జార్ఖండ్‌లోని దుమ్కా ప్రాంతపు ఆదివాసులు. కొండచరియలు, మంచు, ప్రాణవాయువు కొరత వారినీ చంపుతాయి. సరిహద్దు రహదారుల సంస్థలోని ఈ దినసరి కూలీలకు 10 లక్షల రూపాయల బీమా పథకం 2024 జనవరిలో గాని ఆమోదం పొందలేదు. అంత్యక్రియల సాయం దానికి కొంత ముందువరకూ వెయ్యి రూపాయలే. సైనికుడు నడిచే దారిని వేస్తూ చనిపోయినవాడు యుద్ధమృతుడు కాడు, ‘ప్రమాద మృతుడు’. శవపేటికపై జెండా ఎవరికి, లారీలో ప్రయాణం ఎవరికి అన్నది వృత్తి నిర్ణయిస్తుంది. ఆ వృత్తిని చాలావరకు పుట్టుక నిర్ణయిస్తుంది.

ఈ మాటలు యుద్ధాన్ని కీర్తించడానికి చెబుతున్నవి కావు. ఎక్కువమందిని వీరులుగా ప్రకటిస్తే కులం పోదు. కానీ దుఃఖానికి అర్హులెవరో తేల్చే అధికారం కూడా ఒక అధికారమే. దాన్ని ప్రశ్నించకుండా విడిచిపెడితే, ఆ రెండు నిమిషాల మౌనం శతాబ్దాల పాత మౌనానికి కొనసాగింపుగానే ఉంటుంది.

చేయగలిగిన పనులు ఉన్నాయి. లాహోర్ మ్యూజియంలో దశాబ్దాల పాటు మూలపడి ఉన్న పంజాబ్ సైనికుల రిజిస్టర్లను 2021లో కంప్యూటరీకరించడంతో 3 లక్షల 20 వేల మంది వివరాలు వెలుగుచూశాయి. మద్రాసు ప్రెసిడెన్సీ, హైదరాబాద్ సంస్థానాల నుంచి వెళ్లిన సైనికులతోపాటు వంటవారి, సైసుల, పాకీ పనివారి పేర్ల కోసం మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు అటువంటి పని చేపట్టాలి. దళితవాడల్లో, చాకలి ఇళ్లలో, తండాల్లో తాతల సైనిక కొలువు గురించి మిగిలిన జ్ఞాపకాలను విద్యార్థులు నమోదు చేయాలి. ఊరి స్మారకం మీద ఫాలోయర్ పేరు సైనికుడి పేరు పక్కనే, అదే అక్షర పరిమాణంలో ఉండాలి. సరిహద్దు కూలీ మరణాన్ని దేశరక్షణలో సంభవించిన మరణంగా చట్టం గుర్తించాలి.

వచ్చే జనవరి 30న సైరన్ మోగే ముందు ప్రతి కళాశాలలో కొన్ని పేర్లు బిగ్గరగా చదవాలి. బరేలీకి చెందిన సుఖా పేరుతో మొదలుపెట్టవచ్చు. ఆ తర్వాత పాటించే మౌనానికి అర్థం ఉంటుంది.